వేవిళ్ళ మామిడి

రేగులగుంపులో మామిడికాయ తినాలంటే ముందు ఊరి తల్లి తినాలి. చెట్టు ఎవరు నాటారు, ఎవరి చేలో ఉంది అన్నది లెక్కలోకి రాదు. చర్ల దాటి అడవిలోకి పోతే, ఒక కొసన గట్టిగా పిలిస్తే మరో కొసన పలికేంత చిన్న కోయగూడెం అది. అక్కడ మామిడి కొత్తల పండుగ జరిగి, పూజారి తొలికాయను అమ్మ ముందు కోసి పెట్టేదాకా మనిషన్నవాడు పిందెను కూడా కొరకకూడదు. మేకలు కొరుకుతాయి, ఉడతలు కొరుకుతాయి, కోతులైతే సగం కొరికి మన నెత్తినే పారేస్తాయి. వాటికి తప్పు లేదు. తప్పంతా మనుషులకే. తిన్నట్టు తేలితే పెద్దలు కూర్చుంటారు, తప్పు కింద కోడిని కట్టిస్తారు, ఇంటి పరువు గూడెంలో నలుగురి నోళ్ళలో నానుతుంది.

ఆ ఊరికి పూజారి ముసలయ్య. ముసలయ్య కోడలు శ్రావణి. పండుగ ఇంకా దూరంలో ఉండగానే పచ్చి పిందెలు కసుక్కున కొరికి తిన్నది ఆ శ్రావణే.

ఆమె తిన్నది పొగరుతో కాదు, వేవిళ్ళతో. దుమ్ముగూడెం వైపు నుంచి నిరుడు కోడలుగా వచ్చిన పిల్ల. ఇంటర్ పాసైంది, అత్తమామలకు ఎదురు చెప్పదు, మొగుడు రాజును మాత్రం మాటకు మాట అంటుంది. నెల తప్పిందని ఆశా కార్యకర్త పుష్పలత తేల్చి చెప్పిన రోజు ఇల్లంతా పండుగ చేసుకుంది. ఆ పండుగ ముగిసీ ముగియకముందే వాంతులు మొదలయ్యాయి. వేవిళ్ళంటే పొద్దున ఓసారి కక్కుకుని, నోరు కడుక్కుని పనిలో పడటమే అనుకునే మగమహారాజులకు శ్రావణి తన రోజొకటి అరువిచ్చి ఉంటే బాగుండేది. ఆమెకు పొద్దున వాంతి, మధ్యాహ్నం వాంతి, దీపాల వేళ వికారం. మంచినీళ్ళు తాగినా అవి వచ్చిన దారినే తిరిగిపోయేవి.

పైగా అది ఇప్పపువ్వు కాలం. ప్రతి వాకిట్లో పువ్వు ఎండుతోంది. అడవి మనిషికి ఆ వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. శ్రావణికి మాత్రం ఆ తీపి వాసన గొంతులో వేలు పెట్టినట్టుండేది. అయినా పువ్వు ఏరడానికి పోక తప్పదు. పోడు చేను గట్టున తెల్లవారుతూనే బుట్ట పట్టుకుని వంగింది, వంగిన చోటే కక్కింది, కళ్ళు తిరిగి పక్కనున్న మామిడి కింద కూలబడింది. గాలికి రాలిన పిందెలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. నోట్లో నీళ్ళూరాయి. ఆలోచన వచ్చేలోపే పళ్ళు దిగిపోయాయి. ఆ పులుపు నాలుకకు తగలగానే వారం రోజులుగా కుతకుతలాడుతున్న కడుపు ఒక్కసారిగా చల్లబడింది. ఒకటి తింది, ఇంకొకటి తింది. అప్పుడు గుర్తొచ్చింది తాను ఎవరి కోడలో. తేలు కుట్టిన దొంగలా మూతి తుడుచుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ పూటంతా ఏదీ బయటికి రాలేదు. మర్నాటి నుంచి మళ్ళీ మొదలైంది, ముందుకన్నా ఎక్కువగా.

అప్పుడే ఆమె తలలో పురుగు దూరింది. పువ్వులో పుల్లలు ఏరుతూ ఆడవాళ్ళు ఊసుపోక కథలు చెప్పుకుంటారు. తాతల నాడు ఎవరో ఒకామె కొత్తలకు ముందే కాయ తిందట. అమ్మకు కోపం వచ్చి ఆమె తిన్న ప్రతి ముద్దనూ తిప్పికొట్టిందట. అలా కక్కీ కక్కీ ఎండిపోయిందట. చెప్పినామె చెప్పి పక్కకు తిరిగి తంబాకు నమిలింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు శ్రావణి చెయ్యి నోటి మీదికి పోయింది.

ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. వాళ్ళ కళ్ళకు ఇవి అందరికీ ఉండే వేవిళ్ళే. అత్త భీమక్కకు తెలిసిన వైద్యం ఒకటే.

"నీ కడుపుల ఇద్దరున్నరు పిల్లా. ఇద్దరికి సరిపోను తినాలె" అని పళ్ళెంలో అన్నం గుట్ట పోసి, మీద ఎండుచేపల పులుసు పోసేది. ఆ వాసనకు శ్రావణి పెరట్లోకి పరుగు. భీమక్క మళ్ళీ పెట్టేది, శ్రావణి మళ్ళీ పరుగు. ఇద్దరిలో ఎవరూ తగ్గేవారు కాదు.

పుష్పలత వచ్చినప్పుడల్లా మంచం అంచున కూర్చుని ఓపికగా చెప్పేది. "కడుపు ఖాళీగ ఉంచకు శ్రావణీ. పొద్దుగాల లేవకముందే పక్కమీదనే పేలాలో మరమరాలో నములు. నములి కాసేపు అట్లనే పండుకో, జల్దీ లేవకు. కొంచెం కొంచెం తిను, మాటిమాటికి తిను. నీళ్ళు తిండితోని తాగకు, మధ్యల గుటక గుటక తాగు. వేడివేడిది వాసన కొడుతది, చల్లారినంక తిను."

శ్రావణి తలూపేది. అవ్, అట్లనే అనేది. పుష్పలత గడప దాటగానే పేలాలు కోళ్ళ పాలు. ఆ సలహాలన్నీ వేవిళ్ళున్న ఆడవాళ్ళకు, తనది వేవిళ్ళు కాదు కదా, అమ్మ శిక్ష కదా. శిక్షకు పేలాలు మందా? అందుకని తనకు తానే ఒక మొక్కు మొక్కుకుంది. అమ్మ తొలికాయ తినేదాకా తాను అన్నం ముట్టదు. తప్పు తనది, కడుపులోని పసిగుడ్డుది కాదు, కాబట్టి ఆకలి తనకు వేసి బిడ్డను వదిలెయ్యమని దండం పెట్టింది. తల్లి పస్తుంటే బిడ్డ పస్తుండదా అన్న చిన్న లెక్క ఆ ఇంటర్ పాసైన బుర్రకు తట్టలేదు. భయం చొరబడిన చోట చదువు బయటే నిలబడుతుంది మరి.

అంతలో పులి మీద పుట్రలా పటేల్ జోగయ్య ఇంట్లో చావు జరిగింది. మైల తీరి, దినాలు అయ్యేదాకా ఊళ్ళో కొత్తలు లేవని ముసలయ్య చెప్పాడు. బోరింగు దగ్గర ఆ మాట విన్న శ్రావణికి బిందె చేతిలో నిలవలేదు. పండుగ వెనక్కి పోయింది, మొక్కు మాత్రం ముందే ఉంది. ఇంకా ఎన్నాళ్ళు? తాను ఉంటుందా, కడుపులోది ఉంటుందా? రెండు రోజులు గంజినీళ్ళ మీద ఈదింది. అవి కూడా కక్కింది.

మూడో రోజు పెరటి తడిక దగ్గర పడిపోయింది.

భీమక్క పరుగున వచ్చి తలను ఒళ్ళోకి తీసుకుంది. పెదవులు బీటలు వారాయి, నాలుక ఎండిన ఆకులా ఉంది. కోడలు మొండికేస్తోందని ఇన్నాళ్ళూ కసిరిన మనిషి, ఆ మొహం చూసి భయపడింది.

"ఒంటేలుకు పోయినవా పొద్దటి నుంచి?"

"లేదత్తా. నిన్న జెరంత వచ్చింది. ఎర్రగున్నది."

"రాజూ, బండి తియ్యి. చర్ల దవాఖానాకు పోవాలె" అని భీమక్క కేకేసింది.

శ్రావణి ఆమె కొంగు పట్టుకుంది. "దవాఖానా వద్దత్తా. ఇది మందులతోని పొయ్యేది కాదు."

"మరి దేంతోని పోతది?"

ఇక దాచే ఓపిక లేదు. కళ్ళు మూసుకుని చెప్పేసింది, చేను గట్టు, పిందెలు, పాతకాలపు ఆడమనిషి కథ, తన మొక్కు అన్నీ. చెప్పి, దెబ్బ కోసం ఎదురుచూసినట్టు ముడుచుకుంది. పూజారి పెళ్ళాం ఊరుకుంటుందా?

భీమక్క కోడలి నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసింది. తర్వాత చిన్నపిల్లను అడిగినట్టు అడిగింది.

"కాయ తిన్ననాటికి నీకు కక్కుడు షురువైందా, కాలేదా?"

"అయింది. కక్కీ కక్కీ కూలబడితేనే కద తిన్నది."

"అంటే నువ్వు కాయ దొంగతనం చెయ్యకముందే అమ్మ నిన్ను కొట్టుడు మొదలుపెట్టిందా? తప్పు చేసినంక కొట్టే తల్లులను చూసిన గని, రేపు చేస్తవేమో అని ఇయ్యాలే కొట్టే తల్లిని నేను చూడలే. మన అమ్మ గంత తిక్కదా?"

శ్రావణి కళ్ళు తెరిచింది. ఇన్ని రోజులు ఆ సంగతిని అటు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ముందు వాంతి వచ్చింది, వాంతి వల్ల పులుపు మీద మనసు పోయింది, మనసు పోయాక కాయ తిన్నది. తాను దాన్ని తలకిందులుగా పట్టుకుని వేలాడింది, అన్నం మానే మొక్కు కూడా దాని మీదే మొక్కింది. బొటబొటా కన్నీళ్ళు కారాయి.

"ఏడువకు. ఉన్న నీళ్ళు గూడ పోతయ్" అంది భీమక్క. అన్న మనిషి కొంగుతో తన కళ్ళే తుడుచుకుంది.

రాజు ముందు, శ్రావణి మధ్యన, భీమక్క వెనక కోడలిని రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుని, ఆ గుంతల బాట మీద చర్లకు పోయారు. దవాఖానాలో డాక్టరు భార్గవి చిన్న వయసు మనిషి. చూసీ చూడగానే సెలైన్ పెట్టింది, వాంతికి సూది వేసింది, ఒంటేలు పరీక్ష చేయించింది. సీసా సగం దిగేసరికి శ్రావణి మొహంలోకి మనిషి కళ వచ్చింది.

"నేను తక్కువేం పెట్టలే అమ్మా. తప్పెలెడు బువ్వ ముందల పెట్టిన" అని భీమక్క ముందే చెప్పుకుంది.

డాక్టరు నవ్వింది. "ఆ తప్పెలే తగ్గించాలి పెద్దమ్మా. ఒక్కసారి తప్పెలెడు కాదు, పిడికెడు పిడికెడు పదిసార్లు పెట్టు." తర్వాత శ్రావణి వైపు తిరిగింది. "కడుపు నిలిచినప్పుడు ఒంట్లో మార్పులు వస్తాయి, దానివల్ల వికారం. నువ్వు చేసిందాని వల్ల కాదు, తిన్నదాని వల్ల కాదు. చానామందికి మూడు నాలుగు నెలలు దాటితే తగ్గుతుంది. కానీ తిండి మానేస్తే ఎక్కువవుతుంది. ఖాళీ కడుపే పెద్ద శత్రువు. నేనిచ్చే గోళీ రాత్రి పడుకునేటప్పుడు వేసుకో. నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటేలు తగ్గినా, కళ్ళు తిరిగినా ఆగకుండా వచ్చెయ్. అందరికీ ఉండే వాంతులే కదా అని కూర్చోవద్దు."

భద్రాచలంలో స్కానింగ్ కూడా తీయించారు. తెర మీద వడ్లగింజంత చోట ఏదో టకటక కొట్టుకుంటోంది. అదే గుండె అన్నారు. అన్ని పస్తులు పెట్టినా కొట్టుకోవడం మానని ఆ గుండెను చూసి శ్రావణికి సిగ్గేసింది, ఆ వెనకే ఎక్కడలేని గర్వం వచ్చింది.

ఇంటికొచ్చాక భీమక్క యుద్ధం ప్రకటించింది. వాకిట్లో ఎండుతున్న ఇప్పపువ్వునంతా చాటలతో ఎత్తించి, ఊరవతల బండ మీదికి మార్పించింది. ఎండుచేపలు వండితే ఎవరి పళ్ళెం వాళ్ళు చెరువు గట్టున తినండని తండ్రీకొడుకులకు చెప్పింది. రాజు చేపల కోసం మొహం వేలాడేశాడు. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు నేను గిట్ల తిప్పలు పడలేదురా, అందుకే గింత మొద్దువైనవ్" అని వాడి నోరు మూయించింది. తెల్లవారగానే కోడలు కళ్ళు తెరవకముందే గుప్పెట్లో జొన్నపేలాలు పెట్టి, నమిలేదాకా పక్కనే కాపలా కూర్చునేది. చల్లార్చిన జావ చిన్న గిన్నెలో, కాసేపాగి ఉడికించిన చిలగడదుంప ముక్క, ఇంకాసేపాగి నాలుగు ముద్దలు. పులుపు మీద మనసు పోతే నిమ్మకాయ, చింతపండు చారు. ఆ రెండింటికీ ఏ పండుగా అడ్డం లేదు. పుష్పలత వచ్చి చూసి, చెప్పడానికి తనకేమీ మిగల్లేదంది.

వాంతులు పూర్తిగా పోలేదు. పొద్దునపూట ఒకటో రెండో వచ్చేవి. అయితే శ్రావణి ఇప్పుడు కక్కి, నోరు పుక్కిలించి, కాసేపు కూర్చుని మళ్ళీ తినేది. బుగ్గలు లోపలికి పోవడం ఆగింది.

ఒక్కటి మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది. భీమక్క ఊరుకోమంది, కానీ శ్రావణి ఒకరోజు మామ ముందు నిలబడి కాయ సంగతి చెప్పేసింది. ముసలయ్య మెత్తని మనిషి, మాట తక్కువ. విని, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నాకు చెప్పి మంచిపని చేసినవ్ బిడ్డా. గని నా ఇంట్ల తప్పు దాచి నేనే అమ్మ ముందల కాయ కొయ్యలేను. పెద్దల్ల పెడుత" అన్నాడు.

పెద్దలు కూర్చున్నారు. కోడి కట్టాలన్నారు, ముసలయ్య సరేనన్నాడు. అంతటితో అయిపోతే బాగుండేది. పటేల్ జోగయ్య గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు, కానీ పాతకథలు గట్టిగా నమ్మే మనిషి.

"కోడి సరే. అమ్మ కోపం తీరిందో లేదో ఎట్ల తెలుస్తది? పండుగనాడు అమ్మకు పెట్టిన బువ్వ ముందుగాల ఈ పిల్లకే పెడదాం. కడుపుల నిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. బయటికొస్తే ఇంకేమన్న శాంతి చెయ్యాలె."

భీమక్క లేచింది. "పొద్దుగాల వేవిళ్ళ మనిషికి ఇదేం పరీక్ష? నిలవకుంటే ఊళ్ళె ఏం కీడు జరిగినా దీని మీదనే పెడ్తరు. పుట్టబోయేదాని మీద సుత పెడ్తరు."

అదే అసలు భయం. జ్వరం వచ్చినా, వాన రాకపోయినా, పూజారి కోడలు తిన్న కాయ వల్లే అంటారు. ఆ మాట పుట్టేదాకా, పుట్టాక కూడా బిడ్డను వెంటాడుతుంది. అందరూ శ్రావణి వైపు చూశారు.

"తింట" అంది శ్రావణి.

పండుగనాడు ఆమె చేయగలిగినవన్నీ చేసింది. రాత్రి గోళీ వేసుకుంది. పక్క మీదే పేలాలు నమిలింది, తొందరపడకుండా లేచింది, జావ గుటకలు వేసింది. డోళ్ళు మోగుతుండగా ముసలయ్య తొలికాయ కోసి అమ్మకు పెట్టాడు. మామిడికాయ వేసి వండిన పప్పూ బువ్వా విస్తరాకులో శ్రావణి ముందుకొచ్చాయి. ఊరంతా చుట్టూ చేరింది. డోళ్ళు కూడా ఆగిపోయాయి.

ఒక ముద్ద దిగింది. రెండోదీ దిగింది. సరిగ్గా అప్పుడే అవతల ఎవరో కోడిని మంట మీద కాల్చడం మొదలుపెట్టారు. కాలిన ఈకల కమురు గాలిలో తేలుతూ వచ్చి ఆమె ముక్కుకు తగిలింది. శ్రావణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది, నాలుగడుగులు పోయిందో లేదో, తిన్నదంతా నేల మీద ఉంది.

 ముసలయ్య తల వంచుకున్నాడు. భీమక్క నీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది. 

శ్రావణి మాత్రం చెంబందుకుని నోరు పుక్కిలించింది. మొహం కడుక్కుంది. ఊపిరి పీల్చుకుని, తిరిగొచ్చి అదే విస్తరి ముందు కూర్చుంది. పటేల్ వైపు సూటిగా చూసింది. 

"పటేల్ మామా, ఒక్కమాట అడుగుత. ఆనాడు చేనుకాడ దొంగతనంగ తిన్న కాయ నా కడుపుల పదిలంగ నిలిచింది. ఇయ్యాల ఊరందరి ముందల అమ్మ పెట్టిన బువ్వ బయటికొచ్చింది. వాంతే అమ్మ తీర్పైతే, అమ్మ దొంగలకు తోడుంటదా? ఉండదు. గందుకే ఇది అమ్మ తీర్పు కాదు. కాలిన ఈకల కమురు. ఆ కోడిని జెర అవతల కాల్చుమని చెప్పుండ్రి, నేను మళ్ళ తింట."

ముందు నవ్వింది ఎవరో కానీ ఆడవాళ్ళ వైపు నుంచే. తర్వాత ఒకరి వెనక ఒకరు, చివరికి జోగయ్య ముసలి భార్య కూడా పళ్ళు లేని నోటితో నవ్వేసింది. "ఆ పిల్ల అన్నది నిజమే. నాకు సుత కడుపుతోని ఉన్నప్పుడు ఈకల కమురు పడకపోతుండె. అప్పుడు ఏ కాయ తిన్ననని?" అని మొగుడినే నిలదీసింది. జోగయ్య ఊరందరినీ ఒకసారి, పెళ్ళాన్ని రెండుసార్లు చూశాడు.

"కోడిని అవతలకు తీస్కపోండ్రి" అన్నాడు.

శ్రావణి తినడం మొదలుపెట్టింది. చిన్న చిన్న ముద్దలు, బాగా నమిలి, మధ్య మధ్య ఆగుతూ తింది. ఎవరూ తొందరపెట్టలేదు. పిల్లలు కూడా అల్లరి మానేసి చూస్తున్నారు. ముద్ద దిగిన ప్రతిసారీ భీమక్క తన గుటక తాను మింగింది. విస్తరి ఖాళీ అయింది. ఊరు కాసేపు వేచి చూసింది, ఇంకాసేపు వేచి చూసింది. శ్రావణి హాయిగా కూర్చుని నుదుటి చెమట తుడుచుకుంది. కడుపు నిమ్మళంగా ఉంది.

జోగయ్య లేచి నిలబడ్డాడు. "వేవిళ్ళల్ల తిన్న మామిడికి ఇప్పటి సంది తప్పు లేదు. కడుపుతోని ఉన్న ఏ ఆడిబిడ్డకైనా ఇదే మాట" అన్నాడు. ఆడవాళ్ళ కేకలకు, మళ్ళీ మొదలైన డోళ్ళ చప్పుడు కూడా వినిపించలేదు. రాజు ఎగిరి గంతేశాడు, ఎందుకు గంతేశావురా అంటే వాడికీ తెలియదు.

ఊరంతా వరసగా తిండికి కూర్చుంటోంది. వడ్డించుకుంటూ వస్తున్న ముసలయ్యను శ్రావణి చెయ్యి చాపి ఆపింది.

"ఇంకింత పెట్టు మామా. ఇందాకటిది మీ అందరి కోసం తిన్న. ఇప్పుడు ఆకలైతున్నది."

ముసలయ్య గిన్నె కింద పెట్టి, కోడలి పక్కనే నేల మీద కూర్చుని, తన చేత్తోనే ఆమె విస్తరిలో బువ్వ పెట్టాడు.